పూత పడకముందు ఒక్క రోజు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తాతగారు కట్టించిన ఇంటికి వంటగది పడమటి చివర ఉంటుంది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మా గజపతి జిల్లా మీదుగా సాగినప్పుడు, ఆ పడమటి గోడ ఎడతెగని వానను తాగుతూనే ఉంది. ఊళ్ళో కరెంటు లేదు. పడిపోయిన కొబ్బరిచెట్లూ, ఎగిరిపోయిన రేకులూ, కొండల మీది ఊళ్ళ నుంచి వస్తున్న దుర్వార్తలూ వింటున్న ఆ రోజుల్లో మా ఇంటి గోడ ఒకటి తడిసిందన్న సంగతి ఎవరమూ తలుచుకోలేదు. కరెంటు తిరిగి వచ్చిన నాటి సాయంత్రం అమ్మ వంటగదిలోంచి పిలిచి, “గోడ ముడితే చెయ్యి జివ్వుమంటోంది నాయనా” అంది.

మెయిన్ స్విచ్చి దించేసి, ఆ రాత్రంతా లాంతరుతోనే గడిపాము. మర్నాడు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకరు మెగ్గర్ పట్టుకుని వచ్చారు. మెగ్గర్ అంటే తీగ మీది తొడుగు ఎంత గట్టిగా ఉందో 500 వోల్టుల ఒత్తిడి పెట్టి కొలిచే సాధనం. ఇంటి వైరింగులో ఆ కొలత కనీసం ఒక మెగోమ్ ఉండాలి, అంటే పది లక్షల ఓములు. ముందుగదీ, పడకగదీ బాగానే పలికాయి. వంటగది లైను దగ్గరకు వచ్చేసరికి ముల్లు సున్నాను వదిలి కదలలేదు. ఆయన మామూలు మీటరు తీసి మళ్ళీ కొలిస్తే సుమారు 5,000 ఓములు వచ్చింది. 230 వోల్టులను 5,000తో భాగిస్తే 46 మిల్లీ ఆంపియర్లు. అంత విద్యుత్తు మా గోడ గుండా నేలలోకి కారుతోందన్నమాట. ఆ లైనుకు ఉన్న ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తనే దిగిపోయే స్విచ్చి, 16 ఆంపియర్లది, అంటే 16,000 మిల్లీ ఆంపియర్లది. తన వంతులో మూడువందలవ భాగం కూడా లేని ఈ కారుడును అది ఎన్నటికీ గుర్తించదు. మనిషి ప్రాణానికి మాత్రం అందులో కొంత భాగమే చాలు.

తరువాత గోడ తవ్వాము. మిక్సీ ప్లగ్గు కింద జానెడు దూరంలో పూత ఊడగానే తీగ బయటపడింది. పైపు లేదు. కొన్నేళ్ళ కిందట ఆ ప్లగ్గు పెట్టిన మనిషి గోడకు వేలు పట్టేంత గాడి కొట్టి, రెండు తీగలను నేరుగా అందులో పరిచి, మీద సిమెంటు మెత్తి వెళ్ళిపోయాడు. ఎర్త్ తీగ లేనే లేదు. ఎర్ర తీగ మీద ఒక చోట బియ్యపుగింజ అంత గాటు ఉంది. ఉలి దెబ్బో, తాపీ అంచో తగిలి ఉంటుంది. ఆ గాటులో రాగి నల్లబడి, చుట్టూ పచ్చటి చిలుము కట్టి, ఆ పచ్చదనం సిమెంటులోకి కూడా చిన్న మరకలా పాకింది. గోడ ఎండి ఉన్నన్నాళ్ళూ ఆ గాటు ఎవరికీ తెలియలేదు. గోడ తడిసిన నాడే తెలిసింది.

ఆ ముక్కను కోసి ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంచుకున్నాను. ఆ తరువాతి శీతాకాలంలో ఇంటి వైరింగు మొత్తం తీయించి కొత్తగా వేయించాము. ఆ రెండు నెలల పనిలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటి ఉంది: గోడలో పైపులు పరచడం పూర్తయిన రోజుకూ, తాపీమేస్త్రి గోడ పూతకు మాలు, అంటే సిమెంటూ ఇసుకా ముద్ద, కలిపే రోజుకూ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీగా ఉంచుకోవాలి. ఇల్లు కట్టించుకుంటున్నవారూ, పాత ఇంటిని బాగు చేయించుకుంటున్నవారూ ఆ ఒక్క రోజును ఎవరికీ ఇచ్చెయ్యకూడదని నా మనవి. ఆ రోజు ఏం చేయాలో చెప్పాలంటే ముందు గోడ గురించి కొంత చెప్పాలి.

మా ఇంట్లో మొదట ఉన్నది టేకు బద్దల వైరింగు. గోడ మీద సన్నటి టేకు బద్ద కొట్టి, దాని మీద తీగలను రేకు క్లిప్పులతో బిగించేవారు. చూడటానికి అంత అందంగా ఉండేది కాదు కానీ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసేది. తీగను గోడలోకి పంపిన రోజు నుంచి ఆ తెలివి ఇంటివాళ్ళ దగ్గర ఉండదు. పని చేసిన మనిషి తలలో ఉండిపోతుంది. అతడు ఇంకో ఊరికి వెళ్ళిపోతే అతడితోపాటే వెళ్ళిపోతుంది.

తీగను నేరుగా సిమెంటులో పూడ్చవచ్చా అని చాలామంది అడుగుతారు. నేటి రాగి తీగ మీది పీవీసీ తొడుగును సిమెంటు వెంటనే తినెయ్యదు. అందుకే అలా పూడ్చిన తీగలు ఏళ్ళ తరబడి పనిచేస్తూ మనల్ని నమ్మిస్తాయి. పాత అల్యూమినియం తీగల సంగతి వేరు, తొడుగు చిట్లిన చోట తడి సిమెంటులోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. రాగి తీగకు పట్టే కష్టాలు ఇంకో రకంవి. ఇసుక గీత, ఉలి గాటు, తరువాత ఎవరో కొట్టే మేకు, వీటి నుంచి దానికి రక్షణ ఉండదు. తొడుగు ముసలిదైపోయిన రోజున దాన్ని బయటికి లాగి కొత్తది వేయడానికి దారి ఉండదు, గోడ బద్దలు కొట్టాల్సిందే. పైపు ఉంటే ఒక చివర పాత తీగకు కొత్త తీగ కట్టి రెండో చివర నుంచి లాగితే సరిపోతుంది. తీగ ఆయుష్షు గోడ ఆయుష్షు కన్నా చాలా తక్కువ. మా తాతగారి గోడలు ఇప్పటికి మూడో తరం తీగలను చూస్తున్నాయి.

ఆ గోడలు ఒకటిన్నర ఇటుక మందంలో, సున్నంతో కట్టినవి. సున్నపు గోడకు సుత్తీ ఉలీ పెట్టి గాడి కొడితే రెండంగుళాలు అడిగిన చోట ఆరంగుళాలు ఊడి వస్తుంది. అందుకని ముందు కటింగ్ మెషీనుతో రెండు సమాంతర గీతలు కోయించి, వాటి మధ్య భాగాన్ని మాత్రమే ఉలితో నెమ్మదిగా తీయించాము. దుమ్ము భయంకరంగా లేచింది. పని చేసేవాళ్ళందరికీ ముక్కుకు మాస్కులు కొనిపెట్టడం ఇంటివాళ్ళ బాధ్యత అని నేను అనుకుంటాను, ఎందుకంటే ఇటుకదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు.

గాడి ఎంత లోతుండాలన్న దానికి ఇటుక కట్టడాల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1905లో లెక్క ఉంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతుకు మించకూడదు, అడ్డ గాడి ఆరో వంతుకు మించకూడదు. తొమ్మిదంగుళాల గోడ అంటే సుమారు 230 మిల్లీమీటర్లు. అందులో నిలువుగా 76 మిల్లీమీటర్ల దాకా, అడ్డంగా 38 మిల్లీమీటర్ల దాకా దిగవచ్చు. 20 మిల్లీమీటర్ల పైపు, దాని మీద కాస్త మాలు, రెండింటికీ ఆ చోటు చాలు. కానీ గదుల మధ్య అడ్డుగా కట్టే నాలుగున్నర అంగుళాల గోడలో, అంటే సుమారు 115 మిల్లీమీటర్లలో, ఆరో వంతు 19 మిల్లీమీటర్లే. మామూలు పైపు కూడా అందులో పట్టదు. ఇది బరువు మోసే గోడలకు పెట్టిన లెక్కే అయినా, సన్న గోడకు అడ్డంగా గాడి కొట్టడమంటే బ్లేడుతో కాగితాన్ని గీసినట్టే అని మా మేస్త్రిగారు కూడా ఒప్పుకున్నారు. అలాంటి సన్న గోడకు రెండు వైపులా ఒకే చోట స్విచ్చి బోర్డులు పెట్టమనడం కూడా ఇలాంటి పొరపాటే. ఒక్కో పెట్టె రెండంగుళాల లోతు అనుకున్నా, రెండు పెట్టెలూ దాదాపు వీపులు తాకించుకుని మధ్యలో ఇటుక అన్నది మిగలదు. అటు గదిలో మాట ఇటు గదిలో వినిపిస్తుంది.

అందువల్ల మేము పెట్టుకున్న నియమం ఇది: పైపు పైనుంచి కిందికి రావాలి, లేదా కిందినుంచి పైకి వెళ్ళాలి, బోర్డుకు సరిగ్గా నిలువుగా. ఏటవాలుగా దగ్గరదారి తీయకూడదు. ఏటవాలు దారిలో రెండు మీటర్ల పైపు మిగలవచ్చు, కానీ ఆ గోడకు మేకు కొట్టబోయే మనిషి పైపు ఎక్కడుందో ఊహించలేడు. బోర్డుకు నేరుగా పైనా కిందా తీగ ఉంటుందన్నది ఎవరికైనా తట్టే ఊహ, మిగతా గోడంతా నిర్భయంగా వాడుకోవచ్చు. మా ఇంట్లో పనిచేసిన ఎలక్ట్రీషియన్ ఒడియా ఆయన, గోడను ‘కాంథొ’ అంటారు; తాపీమేస్త్రిగారు మాత్రం పాతపట్నం నుంచి సైకిలు మీద వచ్చే తెలుగు మనిషి. ఇద్దరికీ రెండో భాష కాస్తకాస్త వచ్చును. ఏటవాలు వద్దు అని చెప్పడానికి మాత్రం భాష అవసరం కాలేదు, గోడ మీద తూకపుగుండు వేలాడదీసి బొగ్గుతో గీత గీస్తే చాలింది.

పైపులు పరచడం నాలుగు రోజులు పట్టింది. వంపు దగ్గర ముక్కు విరిచినట్టుండే ఎల్బోలు వాడవద్దని, పెద్ద వంపు బెండులే వాడమని ఎలక్ట్రీషియన్‌ను కోరాను, ఆయన అప్పటికే అవే తెచ్చుకున్నారు. తీగలు లాగేటప్పుడు ప్రతి పదునైన మలుపూ తొడుగును గీకుతుంది. పైపును గాడిలో రెండడుగులకొకటి చొప్పున హుక్కు మేకులతో బిగించారు, లేకపోతే మాలు మెత్తేటప్పుడు పైపు ముందుకు ఉబుకుతుంది. లైట్లకూ ఫ్యాన్లకూ ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, పెద్ద ప్లగ్గులకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ అనుకుని, దానికి తగినట్టు ఎక్కడ 20 పైపు, ఎక్కడ 25 పైపు అన్నది ముందే తేల్చుకున్నాము. పైపు నిండా తీగలు కుక్కితే లాగడం కష్టమవుతుంది, అంతకన్నా ముఖ్యంగా వేడి బయటికి పోదు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. గోడ లోపల గాలి ఆడదు, వేసవిలో మా పడమటి గోడ రాత్రి పదింటికి కూడా వెచ్చగానే ఉంటుంది.

నాలుగో రోజు సాయంత్రం ఆఖరి బెండుకు సొల్యూషన్ పూసి అతికించగానే మేస్త్రిగారు గుమ్మంలో నిలబడి, “పైపులెయ్యడం అయిపోనాది గదా, రేపు పొద్దున్నే మాలు కలిపీమంటారా బాబూ?” అన్నారు. ఆయనకు మరో చోట పని ఉంది, ఒక రోజు పోతే కూలి పోతుంది. “రేపటి కూలి కూడా నేనే ఇస్తాను మేస్త్రిగారూ, రేపు మాత్రం గోడ ముట్టుకోవద్దు” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ రోజు గోడలు తడిపే పని పెట్టుకుంటానన్నారు. సున్నపు గోడ అయినా, ఇటుక గోడ అయినా, ఎండిన గాడిలో మాలు పెడితే ఇటుక నీటిని లాగేసుకుని మాలు బలం పట్టకుండానే ఎండిపోతుంది కనుక అదీ పూతలో భాగమే. ఆ మాట ఆయన నోట రావడం నాకు ఎంతో సంతోషమనిపించింది.

ఆ రోజు పొద్దున్నే ఇంట్లో అందరం లేచి, ఒక్కో గదికీ వెళ్ళి, ఇక్కడ ఏం పెడతాం అని మళ్ళీ ఒకరినొకరం అడిగి చూసుకున్నాము. అమ్మ మంచం తలవైపు స్విచ్చి లేదన్న సంగతి అప్పుడే తెలిసింది. తెరిచి ఉన్న గాడి పక్కన ఇంకో గాడి కొట్టడం అరగంట పని. పూత పడ్డాక అయితే అదే పని వారం పట్టేది, మచ్చా మిగిలేది. తరువాత దారి తెరిచే ఉందా అని ప్రతి పైపులోంచీ పొడవాటి స్ప్రింగు పంపి చూశాము. ఫ్యాను పెట్టె దగ్గర ఒక పైపులో స్ప్రింగు ఆగిపోయింది, లోపల కోత ముక్క ఒకటి ఇరుక్కుంది. అన్ని పైపుల్లోనూ సన్నటి జీఐ తీగ, అంటే జింకు పూత ఉన్న ఇనుప తీగ, వదిలి, చివరలు చుట్టచుట్టి పెట్టాము, రేపు తీగలు లాగడానికి అదే తాడు. పెట్టెల మూతులన్నింటిలోనూ పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి కుక్కాము. సిమెంటు పాలు ఒక్కసారి పైపులోకి దిగి గట్టిపడితే ఆ పైపు ఉన్నా లేనట్టే. పెట్టె అంచు ఇటుకతో సమంగా కాకుండా, రాబోయే పూతతో సమంగా ఉందా అని కూడా చూడాలి. మా గోడలకు పూత 15 మిల్లీమీటర్లు అనుకున్నాము కనుక ప్రతి పెట్టె అంతే ముందుకు నిలబడింది. ఇది చూడని ఇళ్ళలో బోర్డు స్క్రూలు పెట్టెను అందుకోలేక బోర్డులు గోడకు వేలాడుతూ ఉంటాయి.

మధ్యాహ్నం నుంచి కొలతలు మొదలుపెట్టాము. ఫోటోలు తీయడం అందరికీ తెలిసిందే. కానీ గోడ ఫోటోలో కొలత లేకపోతే ఏడాది తరువాత అది ఏ గోడో కూడా తెలియదు. అందుకని టేపును గాడి పక్కన నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి పరిచి, గది పేరు రాసిన పలక పెట్టి ఫోటోలు తీశాము. దానితోపాటు గోడకొక బొమ్మ చొప్పున గళ్ళ కాగితం మీద గీశాను. కొలత ఎప్పుడూ కదలని చోటు నుంచే తీసుకోవాలి: గుమ్మం కమ్మీ అంచు, కిటికీ అంచు, గది మూల. నేల నుంచి కొలిస్తే తరువాత టైల్సు వేసినప్పుడు ఆ లెక్క అంగుళంన్నర తప్పుతుంది. ఎత్తుకు మాత్రం కిటికీ గట్టును గుర్తుగా పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఆ బొమ్మలు చూస్తూ, “ఇవన్నీ తెలుగులో రాశావు నాన్నా, రేపు నేనే చూడాలి కదా” అంది. తను బడిలో చదివింది ఒడియా. తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. మా ఊరు 1936లో ఒడిశాలో చేరింది. ఆ తరువాత పుట్టిన మా ఇళ్ళన్నింటిలోనూ మాట ఒక భాషలో, చదువు ఇంకో భాషలో నడుస్తున్నాయి. ఇక రేపు గోడ తవ్వబోయే ఎలక్ట్రీషియన్ కూడా ఒడియా చదివే మనిషే అవుతాడు. ఆ రాత్రి తనే కూర్చుని ప్రతి బొమ్మ మీదా నా తెలుగు మాట పక్కన ఒడియాలో కూడా రాసింది. ఆ పని నాకు తట్టకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మర్నాడు పూత పడింది. దాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, మేస్త్రిగారి చెయ్యి మంచిది. గాడులను ఒకే దెబ్బలో నింపకుండా, ముందు సగం నింపి, అది కాస్త బిగిశాక మిగతా సగం నింపారు, దాంతో బీటలు తగ్గాయి. పాత సున్నపు గోడ మీద ఉత్త సిమెంటు మాలు గట్టిగా పట్టదు, లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. అందుకని ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, 6 పాళ్ళ ఇసుక కలిపించాము. గాడి వెడల్పుగా ఉన్న చోట్ల రెండు వైపులా నాలుగేసి అంగుళాలు పాకేలా కోళ్ళ గూళ్ళకు వాడే సన్నటి ఇనుప వల పరిచి దాని మీద పూశారు. ఏడు రోజులు రెండు పూటలా తడిపాము. వంటగదిలో ఒక చోట వల వెయ్యడం మరిచారు. ఈనాటికీ ఆ ఇంటి మొత్తంలో పైపు దారి వెంట సన్నటి బీట కనిపించేది ఆ ఒక్క చోటే.

తీగలు పూత ఆరిన తరువాతే లాగాలి. కొందరు ముందే లాగేస్తారు, పని త్వరగా అవుతుందని. తడి పైపులో తీగ నానుతుంది, పైపు దారి తెరిచే ఉందా లేదా అన్న పరీక్షా జరగదు. లాగాక ప్రతి లైనునూ మళ్ళీ మెగ్గరుతో చూశారు. వంటగది లైను వందకు పైగా మెగోములు చూపింది. ఎర్త్ గుంత కొత్తగా తవ్వించి, ప్రతి బోర్డుకూ పచ్చ తీగ తెచ్చాము. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్లకు దిగిపోయే ఆర్‌సీసీబీ పెట్టాము. వెళ్ళిన విద్యుత్తుకూ, తిరిగి వచ్చిన విద్యుత్తుకూ తేడా రాగానే అది లైను తెంపేస్తుంది. ఆ రోజు మా గోడలోంచి కారిన 46 మిల్లీ ఆంపియర్లను అది రెప్పపాటులో పట్టుకునేది. దాని మీద ఉన్న టెస్టు బటన్ను నెలకోసారి నొక్కి చూడటం అమ్మ తన పనిగా పెట్టుకుంది.

గోడల బొమ్మలను లామినేషన్ చేయించి, ఒక ప్రతిని ఎంసీబీ పెట్టె తలుపు లోపలివైపు అంటించాము, మరొకటి ఇంటి దస్తావేజులతో పాటు ఉంచాము. మొన్న వేసవిలో వంటగదిలో మంచినీళ్ళ ఫిల్టరు బిగించడానికి ఒక కుర్రాడు వచ్చాడు. పడమటి గోడ మీద పెన్సిలుతో చుక్క పెట్టి డ్రిల్లు ఎత్తాడు. అమ్మ ఆగమని చెప్పి, పెట్టె తలుపు తీసి, ఆ కాగితం వైపు చెయ్యి చూపించింది. గుమ్మం కమ్మీ నుంచి 41 సెంటీమీటర్ల దగ్గర నిలువు పైపు ఉందని దాని మీద ఒడియాలో ఉంది. కుర్రాడు టేపు పెట్టి చూశాడు, తన చుక్క 42 దగ్గర ఉంది. జానెడు పక్కకు జరిగి మళ్ళీ చుక్క పెట్టుకుని డ్రిల్లు దించాడు. ఎర్రటి ఇటుకపొడి గట్టు మీద పొడిపొడిగా రాలింది.